అమెరికా సూట్‌కేసులో పసిబిడ్డ సామాను: ఏది తెప్పించుకోవాలి, ఏది తిరుపతిలోనే కొనుక్కోవాలి

మా అక్క డల్లాస్ నుంచి వస్తోందంటే నెల ముందే ఫోన్లు మొదలవుతాయి. "పాపకు ఏమేం కావాలో రాసి పెట్టు, ఇప్పటినుంచే కొనిపెడతా" అంటుంది. మనిషికి 23 కేజీల పెట్టెలు రెండు. బావవి కూడా కలిపితే నాలుగు. నా మొదటి కాన్పప్పుడు ఆ నాలుగింటిలో రెండు మా బిడ్డ సామానుతోనే నిండాయి. డైపర్లు, పాల డబ్బాలు, లోషన్లు, సీసాలు, సీసాలను ఆవిరి పట్టే మెషిన్, మెత్తటి నైట్‌డ్రెస్సులు, చివరికి జ్వరం మందు కూడా. రెండో కాన్పుకు నేను అడిగినవి ఒక చేతి సంచిలో పట్టాయి.

తిరుపతిలో మేముండే కొర్లగుంటలో, చిత్తూరులో మా పుట్టింటి వీధిలో, అమెరికాలో ఒక మనిషి ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉంటే ఆ ఇంట్లో ఇదే చర్చ. నన్ను అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పింది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఏ వస్తువు గురించైనా నేను ముందు చూసేవి మూడు. దాని కొలత మన కొలతతో సరిపోతుందా? అయిపోతేనో, పాడైతేనో ఇక్కడ మళ్ళీ దొరుకుతుందా? మన ఎండకు, మన నీళ్ళకు, మన కరెంటుకు పనికొస్తుందా?

అమెరికా సామాను మీద అంత నమ్మకం ఎందుకు

ఇందులో ప్రేమ ఉంది. బిడ్డను ఎత్తుకోవడానికి దగ్గర లేని పెద్దమ్మ ఆ ప్రేమనంతా పెట్టెలో సర్ది పంపుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

భయం కూడా ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి చిన్నపిల్లలు చనిపోయిన వార్త చదివినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మందు తయారైంది మనకు దగ్గరలోనే ఉన్న కాంచీపురం జిల్లాలో. అంతకు ముందు, 2024 ఏప్రిల్‌లో, స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. ఒకే కంపెనీ, ఒకే పేరున్న పిల్లల ఆహారం. యూరప్‌లో అమ్మేదానిలో చక్కెర కలపకుండా, మన దేశంలో అమ్మేదానిలో కలుపుతున్నారని అందులో చెప్పారు. టాల్కం పౌడర్ సంగతీ అంతే. జాన్సన్ కంపెనీ టాల్క్‌తో చేసిన బేబీ పౌడర్ అమ్మకాన్ని అమెరికా, కెనడాల్లో ఆపుతున్నట్టు 2020లో ప్రకటించింది. మిగతా ప్రపంచంలో ఆపింది 2023లో. వాళ్ళ పిల్లలకు వద్దన్నది మన పిల్లలకు ఇంకో మూడేళ్ళు ఎందుకు అమ్మారని ఏ తల్లి అడిగినా అది న్యాయమైన ప్రశ్నే.

అయితే అక్కడ దొరికేదంతా మేలిమి అనుకోవడానికీ లేదు. 2019లో ఫిషర్ ప్రైస్ కంపెనీ తన వాలు ఉయ్యాలలను 47 లక్షల దాకా వెనక్కి పిలిపించింది, వాటిలో పడుకోబెట్టిన పసిబిడ్డలు చనిపోయారు కాబట్టి. పేరున్న కంపెనీల పిల్లల ఆహారంలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం ఉన్నాయని 2021లో అక్కడి పార్లమెంటు ఉపసంఘమే నివేదిక ఇచ్చింది. 2023లో యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడింది.

అమెరికా వస్తువుకు అసలు బలం దాని వెనకున్న ఏర్పాటు. తప్పు బయటపడితే కొన్నవాళ్ళకు కబురు వెళ్తుంది, వస్తువు వెనక్కి తీసుకుంటారు, డబ్బులిస్తారు. ఆ ఏర్పాటు సూట్‌కేసులో రాదు. మా అక్క కొన్న ఉయ్యాలకు నోటీసు వస్తే డల్లాస్ చిరునామాకు వస్తుంది, కొర్లగుంటకు రాదు. అందుకే అక్కడినుంచి వచ్చిన ఉయ్యాల, సీటు, బొమ్మ ఏదైనా, ముఖ్యంగా వాళ్ళ పిల్లలు వాడి ఇచ్చినది, దాని మోడల్ నంబరును అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ వెబ్‌సైట్‌లో ఒకసారి వెతకండి. కారు సీటుకైతే అక్కడి రహదారి భద్రతా సంస్థ సైట్ ఉంది. రెండు నిమిషాల పని.

పాల డబ్బా: అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సింది

మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మన డాక్టర్లూ అదే చెబుతారు. కానీ పాలు సరిపోని తల్లులు, ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు, బలహీనంగా ఉన్న బాలింతలు ఉంటారు. డబ్బా పాలు పట్టినంత మాత్రాన తల్లి తక్కువైపోదు. నేనూ మూడో నెలలో పట్టాను.

అప్పటికి మేము ఇక్కడి డబ్బా వాడుతున్నాం. 30 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక స్కూపు, అదీ లెక్క. మా అత్తమ్మకు అది నోటికి వచ్చు. అక్క తెచ్చిన డబ్బా తెరిచిన రోజు కూడా అదే లెక్కతో కలిపింది. అమెరికా డబ్బాలో స్కూపు పెద్దది. అక్కడ మామూలుగా 2 ఔన్సుల నీళ్ళకు, అంటే దాదాపు 60 మిల్లీలీటర్లకు, ఒక స్కూపు వేస్తారు. అంటే మా పాప రెండు రోజులు రెండింతలు చిక్కటి పాలు తాగింది. విరేచనం గట్టిపడింది, ఆపకుండా ఏడ్చింది, నోరు ఎండిపోయింది. పిల్లల డాక్టరు మొదట అడిగిన మాట, "ఆ డబ్బా తెచ్చారా?" స్కూపు చేతిలోకి తీసుకుని చూడగానే ఆయనకు అర్థమైంది. పాలు మరీ చిక్కగా ఉంటే పసిబిడ్డ మూత్రపిండాల మీద భారం పడుతుందని, ఒంట్లో నీరు తగ్గిపోతుందని చెప్పారు. అత్తమ్మ అంతా విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు. డబ్బా వెనక ఇంగ్లీషులో ఉన్నది చదివి ఆమెకు చెప్పాల్సింది నేను.

అటువైపు నుంచి కూడా ఇదే ప్రమాదం ఉంది. పుట్టువెంట్రుకలు తీయించడానికి అమెరికా నుంచి బిడ్డతో వస్తారు, తెచ్చుకున్న డబ్బా అయిపోతుంది, ఇక్కడి డబ్బా కొని అలవాటు ప్రకారం 60 మిల్లీలీటర్లకు ఒక స్కూపు వేస్తారు. అప్పుడు బిడ్డకు సగం బలమే అందుతుంది. డబ్బా మారినప్పుడల్లా స్కూపు మారుతుంది. ఒక డబ్బాలోని స్కూపు ఇంకో డబ్బాలో వేయకండి. నేను మార్కర్‌తో డబ్బా మూత మీద పెద్దగా తెలుగులో రాసి పెట్టేదాన్ని: ఎన్ని నీళ్ళకు ఎన్ని స్కూపులు అని.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. పూర్తిగా డబ్బా పాల మీదే ఉన్న బిడ్డకు నాలుగు పెద్ద డబ్బాలు రెండు నెలలు కూడా రావు. తెరిచిన డబ్బా నెలలోపు అయిపోవాలి. అక్క వెళ్ళిపోయాక ఎలాగూ ఇక్కడి డబ్బాకు మారాల్సిందే. మారక తప్పనప్పుడు ముందు నుంచే ఇక్కడిది పట్టడం బిడ్డ పొట్టకు సుఖం. అమెరికాలోనే 2022 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక పెద్ద ఫ్యాక్టరీ మూతపడితే షాపుల్లో పాల డబ్బాలు దొరక్క, యూరప్ నుంచి ప్రభుత్వమే విమానాల్లో తెప్పించాల్సి వచ్చింది. అప్పుడు అక్కే నాకు ఫోన్ చేసి వాపోయింది.

మరి అక్కడి డబ్బా అంత గొప్పగా ఎందుకు కనిపిస్తుంది? ఒక కారణం ప్రకటనలు. మన దేశంలో 1992 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల పాల డబ్బాలకు, ఆహారానికి, పాల సీసాలకు ప్రకటనలు వేయకూడదు, డిస్కౌంట్లు ఇవ్వకూడదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభలో పాల డబ్బాల ప్రచారాన్ని కట్టడి చేసే నియమావళిని 118 దేశాలు ఒప్పుకుంటే వ్యతిరేకంగా ఓటేసింది అమెరికా ఒక్కటే. అక్కడి కంపెనీల ప్రచారానికి మన చట్టం లాంటి అడ్డు లేదు. ఆ వీడియోలు ఫోన్లో మన దాకా వస్తాయి, ఇక్కడి డబ్బా గురించి మంచి మాట చెప్పే ప్రకటన ఒక్కటీ రాదు. ఇక్కడి డబ్బా మీద మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, లైసెన్సు నంబరు చూసి, డాక్టరు చెప్పిన స్టేజ్ ప్రకారం కొనండి. మన దగ్గర ఆరు నెలల దాకా ఒకటో నంబరు, ఆ తర్వాత రెండు. అక్కడ చాలావరకు పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా ఒకటే డబ్బా. ఈ తేడా కూడా కొందరిని తికమక పెడుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం తెప్పించుకోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకో, ఆవుపాల ప్రొటీన్ పడని బిడ్డకో డాక్టరు ఫలానా రకం అని రాసిచ్చి, అది తిరుపతిలోనూ చెన్నైలోనూ దొరకకపోతే. అప్పుడు కూడా మూడు నెలలకు సరిపడా ఎవరెవరు ఎప్పుడెప్పుడు తెస్తారో ముందే చూసుకోవాలి.

నీళ్ళ సంగతి. అక్కడ చాలామంది కుళాయి నీళ్ళలోనే కలిపేస్తారు. ఇక్కడ బోరు నీళ్ళయినా, క్యాన్ నీళ్ళయినా మరగబెట్టాల్సిందే. పాలపొడిలో క్రిములు ఉండే అవకాశం ఉంది కాబట్టి 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్ళలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

మందులు: దయచేసి కలపకండి

అమెరికాలో టైలెనాల్ అనేది మన పారాసిటమాలే. అక్కడ దాని అసలు పేరు ఎసిటమినోఫెన్ అంటారు, అంతే తేడా. మందు ఒకటే అయినప్పుడు అంత దూరం నుంచి మోసుకొచ్చి లాభం లేదు. నష్టం మాత్రం ఉంది. అక్కడి పసిపిల్లల సీసాలో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మన దగ్గర డ్రాప్స్ అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 ఇలా రకరకాలు. అక్కడి అలవాటుతో ఇక్కడి డ్రాప్స్ 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు పోసినట్టు. మూడింతలకు పైనే. కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. డాక్టరు "రెండున్నర ఎం.ఎల్." అని చెబితే "ఏ సీసాది సార్?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఏ డాక్టరూ కోప్పడరు.

విటమిన్ డి చుక్కలదీ ఇదే కథ. అక్కడ దొరికే కొన్ని సీసాల్లో ఒక్క చుక్కలోనే రోజుకు కావాల్సిన 400 యూనిట్లు ఉంటాయి. ఇక్కడివాటిలో అదే 400 యూనిట్లకు అర మిల్లీలీటరో, ఒక మిల్లీలీటరో పోయాలి. ఒక మిల్లీలీటరంటే పాతిక, ముప్పై చుక్కలు. అక్కడి సీసాను ఇక్కడి లెక్కతో వాడితే ఏమవుతుందో మీరే చూడండి.

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఏ దేశం మందూ ఇంట్లో పోయకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. దగ్గు మందులు రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ కూడా చెబుతోంది. కాబట్టి అక్కడినుంచి మంచి దగ్గు మందు తెప్పించుకుందామన్న ఆలోచనే అక్కర్లేదు.

ఉగ్గు, సెరియల్

ఇక్కడ నా ఓటు మన వంటింటికే. రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలు రానిచ్చి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిని మించిన తొలి ఆహారం నేను చూడలేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి తిని పెరిగిన జిల్లా మనది, రాగుల కోసం ఎవరినీ అడగక్కర్లేదు. అమెరికా వాళ్ళు చాలాకాలం మొదట పెట్టింది బియ్యపు సెరియల్. బియ్యం నేలలోని ఆర్సెనిక్‌ను పీల్చుకుంటుంది కాబట్టి, పిల్లల బియ్యపు సెరియల్‌లో అది వంద కోట్ల పాళ్ళకు 100 పాళ్ళు దాటకూడదని అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హద్దు పెట్టింది.

ఒక విషయంలో మాత్రం అక్కడి సెరియల్‌దే పైచేయి. దానిలో ఐరన్ కలుపుతారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఐరన్ చాలా అవసరం, ఇంటి ఉగ్గులో అది సరిపోదు. దానికి ఇక్కడ దారి ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్తను అడగండి. గవర్నమెంటుది కదా అని పక్కన పెట్టకండి.

ఇంటి పద్ధతులన్నీ మంచివేనని కూడా నేను అనను. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం ప్రమాదం, బొట్యులిజం అనే జబ్బు రావచ్చు. కాటుకలో సీసం ఉండొచ్చు, కంట్లో పెట్టొద్దు. ఉగ్గులో ఏడాది దాకా చక్కెర, బెల్లం, ఉప్పు వద్దు. మా అవ్వతో ఈ మూడింటి మీదా పోట్లాడాను, ఆఖరికి ఒప్పుకుంది.

డైపర్లు

పెట్టెలో ఎక్కువ చోటు తినేది ఇవే, అసలు తేవాల్సిన అవసరం లేనిదీ ఇవే. ప్యాంపర్స్, హగ్గీస్ ఇక్కడా ఉన్నాయి. జపాన్ కంపెనీ యూనిచార్మ్, మామీపోకో వాళ్ళదే, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ పెట్టింది. పాపం మా అక్క దాదాపు 15,000 కిలోమీటర్లు మోసుకొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్ల మీద, పాల సీసాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కూడా.

తేడా లేదని కాదు. అక్కడివి ఎక్కువగా పక్కన టేపు అంటించేవి, ఇక్కడ షాపుల్లో ఎక్కువగా ప్యాంటులా తొడిగేవి. బొడ్డు ఊడని పసికందుకు టేపువే మేలు, బొడ్డు దగ్గర కోత ఉన్న న్యూబార్న్ సైజు ఇక్కడా అడిగితే ఇస్తారు. అక్కడి ప్యాకెట్ మీద బరువు పౌండ్లలో ఉంటుంది. 15 పౌండ్లంటే 6.8 కేజీలు. కొనేటప్పుడు ప్యాకెట్ ధర కాకుండా ఒక్క డైపర్ ఎంత పడుతుందో లెక్కేయండి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏ దేశం డైపరైనా ఆ వేడిలో గంటల తరబడి ఉంచితే ఒరుసుకుపోతుంది. పగలు పాత నూలు చీర గుడ్డలు, రాత్రికి, ప్రయాణానికి డైపర్. మా రెండోవాడికి అలాగే చేశాం, ఎర్రబడటం చాలా తగ్గింది. జింక్ ఆక్సైడ్ 40 శాతం ఉన్న రాష్ క్రీమ్ అక్కడ సులువుగా దొరుకుతుంది. ఒక ట్యూబు చాలాకాలం వస్తుంది, బరువూ ఉండదు. ఇది తెప్పించుకోండి.

లోషన్లు, సబ్బులు, పౌడర్

పౌడర్ ఎక్కడిదైనా వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోషన్లకు వాసన లేనిది చూసుకుంటే చాలు, అలాంటివి గాంధీ రోడ్డు మందుల షాపుల్లోనే ఉన్నాయి. ఒంటికి రాసే నూనె మన కొబ్బరినూనే. సున్నిపిండితో గట్టిగా రుద్దొద్దు.

సీసాలు, మెషిన్లు

ప్లాస్టిక్‌లోని బీపీఏ అనే రసాయనం గురించి చాలామంది అడుగుతారు. అమెరికా పాల సీసాల్లో దాన్ని 2012లో నిషేధించింది, మన ప్రమాణాల్లో అది 2015లో పోయింది. అందుకోసం అక్కడి సీసా అక్కర్లేదు. పీకలు రెండు, మూడు నెలలకోసారి మార్చాలి కాబట్టి, తిరుపతిలో ఏ సీసాకు పీకలు దొరుకుతాయో ఆ సీసానే కొనండి.

కరెంటుతో పనిచేసే వాటి దగ్గర ఆగి చూడండి. అక్కడ 120 వోల్టులు, మనకు 230. మా ఆవిరి మెషిన్ ప్లగ్గు పెట్టిన నిమిషంలోనే కాలిన వాసనతో పోయింది. అడుగున ఉండే చిన్న స్టిక్కర్ మీద 100–240 అని ఉంటే పిన్ను మార్చుకుని వాడుకోవచ్చు. 120 అని మాత్రమే ఉంటే తేవొద్దు. వేడి చేసే వస్తువులు, అంటే స్టెరిలైజర్లు, పాలు వెచ్చబెట్టేవి, చాలావరకు ఈ రెండో రకమే. ఒక గిన్నెలో నీళ్ళు మరిగించి సీసాలు అందులో వేస్తే అదే పని అవుతుంది.

పాలు పిండే పంపు మాత్రం నిజంగా పనికొచ్చే వస్తువు. 2010లో అక్కడ వచ్చిన ఆరోగ్య బీమా చట్టం పుణ్యమా అని అక్కడి తల్లులకు పంపు బీమాలోనే వస్తుంది. అందుకే పని అయిపోయాక అది ఇండియాలోని చెల్లెలికి చేరుతుంది. నాకూ అలాగే వచ్చింది. చాలా ఇంటి పంపులు ఒక్క మనిషి వాడకానికే చేసినవి, మోటారులోకి పాలు వెళ్ళే రకమైతే ఇంకొకరు వాడకూడదు. మోటారుకు, పాలకు మధ్య అడ్డు ఉండే రకమైనా ట్యూబులు, వాల్వులు, రొమ్ముకు పెట్టే కప్పులు కొత్తవే వేసుకోవాలి. వాటిని అక్కడినుంచే రెండు సెట్లు తెప్పించుకోండి, ఇక్కడ వెతకడం కష్టం. బడికో ఆఫీసుకో వెళ్ళే తల్లికి ఇది పాల డబ్బా ఖర్చునే తగ్గిస్తుంది.

కారు సీటు, స్కూటరు

కారున్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: తిరుమల కనుమ దారిలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో, సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా ఉంది, కానీ జరిమానాకన్నా ఆ మలుపులను గుర్తుపెట్టుకోండి. అమెరికా సీట్ల నాణ్యత బాగుంటుంది. సీటును కారుకు బిగించే అక్కడి కొక్కేలు (లాచ్ అంటారు) మన కొత్త కార్ల సీట్ల మధ్య ఉండే ఐసోఫిక్స్ అనే కడ్డీలకు పడతాయి. కానీ అది పెద్ద సామాను, ఇక్కడ కూడా ప్రమాణం ఉన్న సీట్లు దొరుకుతున్నాయి. అక్క పిల్లలు వాడిన సీటు వస్తుంటే అడుగున అచ్చువేసిన గడువు తేదీ చూడండి, ప్రమాదంలో పడిందేమో అడగండి. గడువు దాటినది పారేయాలి.

మన ఊళ్ళో ఎక్కువ ఇళ్ళకు ఉన్నది స్కూటరు. దీనికి అమెరికా పెట్టెలో ఏమీ రాదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నియమం తెచ్చారు, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. వాడేవాళ్ళు చాలా తక్కువ. లోషన్లకు పెట్టే డబ్బుతో ఆ బెల్టు, ఆ చిన్న హెల్మెట్ కొనండి అని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

బట్టలు, బొమ్మలు

అక్కడినుంచి వచ్చిన బట్టల మెడ దగ్గర లేబుల్ తిప్పి చూడండి. బంగ్లాదేశ్, వియత్నాం, ఇండియా అని ఉంటుంది. మన పక్కనున్న తిరుప్పూరు నుంచే ఎన్నో దేశాలకు పిల్లల బనియన్ బట్టలు వెళ్తాయి. పాదాలతో సహా కుట్టిన మందపాటి నైట్‌డ్రెస్సు మన వాతావరణంలో బిడ్డకు శిక్షే.

బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. లక్క బొమ్మలు కావాలంటే ఏటికొప్పాకవి తెప్పించుకోండి. మెరిసే, పాడే బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది, మింగితే గొంతు లోపల కాలిపోతుంది. దీనికోసమే అమెరికా 2022లో ప్రత్యేకంగా చట్టం చేసింది. తిరునాళ్ళలో, అంగళ్ళలో కొన్న బొమ్మకు బ్యాటరీ మూత స్క్రూతో బిగించి లేకపోతే బిడ్డ చేతికి ఇవ్వకండి. వాకరు ఎవరు బహుమతిగా ఇచ్చినా వాడొద్దు. కెనడా 2004లోనే వాటిని నిషేధించింది.

ఇక్కడే "ఇంపోర్టెడ్" అని అమ్మేవి

ఆన్‌లైన్‌లో, కొన్ని షాపుల్లో అమెరికా సామాను అని రెండింతల ధరకు అమ్ముతారు. డబ్బా మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, ఇక్కడి చిరునామా, రూపాయల్లో ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ చూడండి. చట్టప్రకారం అవి ఉండాలి. లేకపోతే అది ఎవరో పెట్టెలో తెచ్చి అమ్ముతున్నది. ఏ ఎండలో, ఏ గోడౌన్‌లో ఎన్నాళ్ళుందో తెలియదు. తినేది, తాగేది అయితే అస్సలు కొనకండి.

ఈసారి సంక్రాంతికి అక్క వస్తోంది. మా చిన్నాయన కోడలికి ఏడో నెల. ఆ పిల్ల తరఫున నేను పంపిన లిస్టులో ఉన్నవి: రాష్ క్రీమ్ రెండు ట్యూబులు, పంపు, దానికి కొత్త ట్యూబులు, వాల్వులు, 100–240 అని రాసున్న అడాప్టరు. "ఇంతేనా?" అంది అక్క. మిగిలిన చోట్లో తన బిడ్డకు ఇక్కడున్న రోజులన్నిటికీ సరిపడా పాల డబ్బాలు, వాళ్ళ డాక్టరు ఇచ్చిన మందులు, వాటి సిరంజితో సహా, తెచ్చుకోమన్నాను. కళ్యాణకట్టలో గుండు చేయించాక పెట్టడానికి నూలు టోపీ నేను ఇక్కడే కుట్టించి పెడతాను.